ఏడో గడి

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే కాబట్టి, ఏ పనైనా ముందు కాగితం మీద పెట్టాలని నాకొక నమ్మకం. పాకాలలో మా యువ బృందం పిల్లల్ని రెండు రోజులు పులికాట్ ఒడ్డున గుడారాల్లో ఉంచి, పక్షుల్ని చూపించి తీసుకురావాలని అనుకున్నప్పుడు కూడా నేను మొదట చేసింది అదే. పద్నాలుగు మంది పిల్లలకు పద్నాలుగు అంగీకార పత్రాలు. ఒక్కో దానిలో ఎనిమిది గడులు. పేరు, వయసు, ఇంటి ఫోన్ నంబరు, రక్తం గ్రూపు, వాడే మందులు, పడని తిండి. ఏడో గడిలో ‘మీ బిడ్డకు దేనికి భయం?’ అని పెట్టాను. ఎనిమిదోది సంతకం. ఏడో గడి పూర్తిగా నా సొంత ఆలోచన. దాన్ని చూసుకుని నేను కొంచెం మురిసిపోయాను కూడా.

వారంలో పదమూడు పత్రాలు తిరిగొచ్చాయి. పన్నెండింటిలో ఏడో గడిలో ‘ఏమీ లేదు’ అని ఉంది. కిరాణా కొట్టు ఏకాంబరం మాత్రం కొడుకు మోహన్‌కృష్ణ గురించి ‘ధైర్యవంతుడు’ అని రాసి, కింద గీత కూడా గీశాడు.

రానిది ఐశ్వర్య పత్రం. అసలు ఈ ప్రయాణం ఆ పిల్ల అడగబట్టే మొదలైంది. రైల్వే గేటు దగ్గర వాలే పిట్టలన్నిటినీ రెండేళ్లుగా నోటుపుస్తకంలో రాసుకుంటోంది. అమ్మానాన్న బెంగళూరులో పనికి పోతే, ఐశ్వర్యను పెంచుతున్నది అవ్వ కుప్పమ్మ. ఆ వీధిలో కుప్పమ్మ వద్దంటే మిగతా ఆడపిల్లల ఇళ్లలోనూ వద్దనే అంటారు. ఆడపిల్లలు లేకుండా పోవడం నాకు ఇష్టం లేదు.

అందుకని ఆదివారం మధ్యాహ్నం బడి వరండాలో పెద్దల్నీ పిల్లల్నీ అందరినీ కూర్చోబెట్టాను. అంగన్‌వాడీలో ఆయాగా పనిచేసే మా అమ్మ తాయమ్మ టీ కాచడానికి వచ్చింది. నేను అరగంట చెప్పాను. తిరుపతి దాకా రైలు, అక్కడి నుంచి సూళ్లూరుపేటకు బస్సు, ఆడపిల్లల గుడారాలు వేరుగా, పక్కనే మరుగుదొడ్లున్న భవనం, తోడు జ్ఞానాంబ టీచర్. పాములుంటాయా అని ఒకరు అడిగారు. రెండు రోజులకు పులిహోర కట్టిస్తే నిలుస్తుందా అని ఇంకొకరు. ఆ రోజుల్లో రాకెట్ ఏమైనా వదులుతారా అని ఏకాంబరం అడిగితే, భయపడుతున్నాడేమో అనుకుని లేదని ధైర్యం చెప్పాను. వదిలితే పిల్లోడు చూస్తాడు కదా అని ఆయన నిరాశపడ్డాడు.

అన్నీ విన్న తర్వాత కుప్పమ్మ గొంతు సవరించుకుంది.

“అంతా బాగుండాది పాపా. బిడ్డలందరికీ పెద్దోళ్లు సంతకాలు పెట్టినారు. నీకు ఎవురు పెట్టినారు?”

నాకు ఇరవై మూడేళ్లని, బృందం బాధ్యురాలిని నేనేనని వివరించాను.

“ఇరవై మూడు వచ్చినాయిలే. మీయమ్మకు సెప్పినావా?”

అమ్మ గరిటె పట్టుకుని పొయ్యి దగ్గరి నుంచి లేచింది.

“నువ్వు గూడా పోతా ఉండావా?” అంది. “రైలెక్కించి అన్నానికి ఇంటికొస్తావనుకుంటినే.”

చెప్పాలనే అనుకుంటూ ఉన్నాను. పద్నాలుగు ఇళ్ల చుట్టూ తిరిగే హడావుడిలో నా ఇల్లు మిగిలిపోయింది. ఆ మాటే అందరి ముందూ ఒప్పుకున్నాను. కుప్పమ్మ తీర్పు చెప్పేసింది. మొదట తాయమ్మ సంతకం పెట్టాలి, అప్పుడు తాను వేలిముద్ర వేస్తుంది. అందరూ తలలూపారు. ఏకాంబరమైతే మెల్లగా చెయ్యి చాపి, దొంతరలోంచి తన కాగితం వెనక్కి తీసుకున్నాడు.

నా దగ్గర ఖాళీ పత్రాలు మిగిలి ఉన్నాయి. ఒకటి తీసుకుని అమ్మ ముందు కూర్చుని గడి గడీ చదివాను. జవాబులు నేనే రాసుకుంటానంటే అమ్మ ఒప్పుకోలేదు. పెద్దోళ్లు చెప్పాలన్నది నేను పెట్టిన నియమమే. పడని తిండి దగ్గర వంకాయ అని చెప్పి, పడకపోవడం కాదు, పొగరు అని అది కూడా రాయమంది. ఏడో గడి రాగానే నేను చకచకా రెండు ముక్కలు రాసేశాను. అమ్మకు చదవడం అంతగా రాదు కానీ, నా కలం ఎంతసేపు కదిలిందో చూస్తూనే ఉంది.

“అంత పొట్టిగా రాసినావే. ఏం రాసినావు?”

‘ఏమీ లేదు’ అని చదివాను.

“కొట్టెయ్. కప్పంటే భయం. ఉరిమితే భయం. ఇప్పుటికీ నా కొంగు పట్టుకోకుంటే నిద్రపోదు. అది రాయి.”

మూడు వారాలుగా ధైర్యం గురించి నా చేత పాఠాలు చెప్పించుకున్న పిల్లలు పద్నాలుగు మందీ ఎదురుగా ఉన్నారు. ఐశ్వర్య నోటుపుస్తకంలో మొహం దాచుకుంది. ఆ పుస్తకం వణుకుతోంది. రాశాను. గడి చాలక అంచు మీదికి పోయింది.

నవ్వులు తగ్గాక ఏకాంబరం కలం అడిగాడు. ‘ధైర్యవంతుడు’ కొట్టేసి ఏదో రాస్తుంటే, మోహన్‌కృష్ణ తొంగి చూసి “నాయనా” అని బతిమాలాడు. ఫ్యాను చప్పుడు లేనిదే వాడికి నిద్ర పట్టదట, కుక్కపిల్లంటే కూడా భయమట. తర్వాత ఒక్కొక్కరే కాగితాలు వెనక్కి అడిగారు. ఒక తల్లి ఇంకో పేజీ కావాలంది. నిద్రలో నడిచే పిల్లాడొకడున్నాడని, కొత్త చోట మరుగుదొడ్డికి ఒంటరిగా పోలేని పిల్ల ఒకతి ఉందని అప్పుడు తెలిసింది. ఇవేవీ తెలియకుండానే నేను వాళ్లను రైలెక్కించేదాన్ని.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు నేర్పిన సంతకాన్ని అమ్మ నిదానంగా పెట్టింది. సంచిలో తన పాత చీర ఒకటి పెట్టుకుని పొమ్మంది. ఎందుకో ఎవరూ అడగలేదు.

ఇక కుప్పమ్మ వంతు. ఏడో గడి చదివాను.

“దానికి భయమేమీ లేదు” అంది. “పామునైనా పేరు పెట్టి పిలుస్తాది. భయం నాకే. ఇంట్లో ఒక్కదాన్నే పొణుకోవాలంటే భయం. రాసుకో.”

అవ్వల భయాలకు గడి లేదని చెప్పబోయాను. ఈలోగా అమ్మ టీ గ్లాసు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

“నా బిడ్డ గూడా పోతాది కదా పెద్దమ్మా. ఆ రెండు దినాలు మా ఇంట్లో పొణుకుందువు రా.”

“ఓబయ్య గురక పెడతాడంటనే.”

“పెడతాడు” అంది అమ్మ, మా నాయన పరువు గురించి ఏమీ ఆలోచించకుండా. “భయానికి మంచిదే.”

కుప్పమ్మ టీ సగం తాగి ఆలోచించింది. స్టాంపు ప్యాడ్ ముందుకు జరిపాను. ఆమె బొటనవేలు గట్టిగా అద్దింది. ఐశ్వర్య ఒక్క గెంతుతో వరండా దాటి గ్రౌండులోకి పరుగెత్తింది.

నేను కాగితాలు సర్దుకుంటుంటే కుప్పమ్మ కదలకుండా అక్కడే కూర్చుని ఉంది. ఏమైంది అవ్వా అని అడిగాను.

“మీ ఇంటికి పోతా ఉండాను కదా. నాకు కాగితం లేదా? నాకు రెండు పూట్లా సంగటి ఉండాల.”

ఇంకో ఖాళీ పత్రం తీసి, మొదటి గడిలో ఆమె పేరు రాశాను.