ఒస్మానీ టార్క్ రెంచి

జొరైదా టాక్సీ రిపేరై వెళ్ళి నెల తిరక్కుండానే మళ్ళీ ఎవేలియో షెడ్డు ముందు ఆగింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి కక్కుతోంది.

"ఓల్గీన్ ఊరికెళ్ళే దారి మధ్యలో చచ్చింది పెద్దాయనా! బండి నిండా జనం. నన్ను తిట్టని నోరు లేదు," అంది జొరైదా, తలుపు ధడాలున వేసి.

ఎవేలియో ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ లాగి చూశాడు. ఆయిల్ పాలు కలిపిన కాఫీలా తెల్లబడింది. నీళ్ళు చేరాయి. ఇంజన్ హెడ్ కింద, నీళ్ళూ ఆయిలూ కలవకుండా ఆపే గ్యాస్కెట్ మళ్ళీ పోయింది. రాగిరేకు కోసి, కాల్చి మెత్తబరిచి తనే చేసిన గ్యాస్కెట్ అది. దానిలో లోపం లేదని ఆయనకు తెలుసు.

"రేపు రామ్మా, చూస్తాను," అన్నాడు.

కిందటి వానల్లో ఇంటికప్పు సర్దబోయి నిచ్చెన మీంచి పడ్డాడు. అప్పట్నుంచి కుడి భుజం సరిగ్గా లేదు. చిన్నప్పట్నుంచీ బోల్టు ఎంత బిగిసిందో ఆయనకు మణికట్టే చెప్పేది. ఇప్పుడు బోల్టు బిగిసేలోపే చెయ్యి నొప్పెడుతోంది. ఆ నొప్పినే బిగువనుకుంటున్నాడేమోనన్న అనుమానం ఆయన్ని కొన్నాళ్ళుగా తొలుస్తోంది. ఎవరికీ చెప్పలేదు. భార్య మిగ్దాలియా పోయాక ఇంట్లో చెప్పుకోడానికి మనిషే లేదు.

మిగ్దాలియా తమ్ముడు ఒస్మానీ సముద్రపు గట్టున వేరే షెడ్డు పెట్టుకున్నాడు. ఒకప్పుడు ఇద్దరూ కలిసే పనిచేసేవారు. ఒస్మానీ ఓడల వర్క్‌షాపు నుంచి బోల్టు సరిపడా బిగియగానే క్లిక్కుమనే టార్క్ రెంచి తెచ్చిన రోజున, "నా చేతికి కొలబద్ద తెచ్చావా?" అని ఎవేలియో అందరి ముందూ ఎగతాళి చేశాడు. మాట మీద మాట పెరిగి ఒస్మానీ వెళ్ళిపోయాడు. అక్క అంత్యక్రియల్లో కూడా ఇద్దరూ తల ఊపుకున్నారంతే.

ఆ మధ్యాహ్నం ఎవేలియో గట్టుకు నడిచాడు.

"నీ రెంచి ఒకసారి కావాలి."

ఒస్మానీ చేతులు తుడుచుకుంటూ ఎగాదిగా చూశాడు. "సూర్యుడు ఎటు పొడిచాడు ఇవాళ? పద బావా, నేనూ వస్తా. దాన్ని ఎవరి చేతికీ ఇవ్వను."

షెడ్డులో ఒస్మానీ హెడ్ విప్పకముందే ఒక్కో బోల్టుకీ రెంచి తగిలించాడు. ఇవతలి వరస బోల్టులన్నీ కదలకుండానే క్లిక్కుమన్నాయి. అవతలి వరసవి, చెయ్యి బాగా చాపి బిగించాల్సినవి, బాగా తిరిగాకగానీ క్లిక్కుమనలేదు. అవన్నీ వదులే. ఒస్మానీ తలెత్తి బావ వైపు చూశాడు.

"భుజం," అన్నాడు ఎవేలియో. "వానల్లో పడ్డాను."

"చెప్పొద్దా?"

"ఎవరికి?"

ఒస్మానీ తల దించుకుని హెడ్ విప్పడం మొదలుపెట్టాడు.

మర్నాడు కొత్త రేకు వేశారు. హెడ్డూ ఇంజనూ కలిసే రెండు ముఖాలూ గీకి, అద్దం పలకతో వంపు చూశారు. బోల్టుల మరలు వైరు బ్రష్షుతో రుద్ది, కాస్త నూనె రాశారు. నడుమ రెండు బోల్టులతో మొదలుపెట్టి, ఎదురుబొదురుగా మార్చుకుంటూ చివరలకు వెళ్ళారు. మొదటి విడత కొంచెం, రెండో విడత ఇంకాస్త, మూడో విడతకు పూర్తిగా. ఒస్మానీ రెంచి లాగుతుంటే, ఎవేలియో ఎడమచేత్తో బోల్టు తలకు తొడిగిన సాకెట్టు కుదురుగా పట్టుకుని "ఇప్పుడు మూలది... అవతలి మూల..." అని వరస చెప్పాడు. మిగ్దాలియా చేసే నల్లచిక్కుళ్ళ అన్నం గురించి మాట్లాడుకున్నారు. ఉప్పు ఎప్పుడూ ఎక్కువే వేసేదని ఒస్మానీ అంటే, ఎవేలియో చాలాకాలానికి గట్టిగా నవ్వాడు.

ఆఖరి బోల్టు క్లిక్కుమంది.

"మళ్ళీ ఒక విడత చూద్దామా?"

"అన్నీ బిగిశాయి బావా. ఇంకా లాగితే తెగుతాయి."

"అవును, తెగుతాయి," అన్నాడు ఎవేలియో. ఆయన చెయ్యి మాత్రం సాకెట్టు మీంచి లేవలేదు.

సాయంత్రం జొరైదా వచ్చి స్టార్టు చేసింది. ఇంజన్ నిబ్బరంగా నడిచింది. పొగలేదు, ఆవిరి లేదు. ఆమె ఇద్దరికీ ముద్దులు విసిరి, హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది.

ఒస్మానీ రెంచి పిడి మీది కొలతను సున్నాకు తిప్పి, గుడ్డలో చుట్టి, ఎవేలియో బల్ల మీద పెట్టాడు. "ఇది ఇక్కడే ఉంచుకో. నీకే ఎక్కువ అవసరం."

ఎవేలియో దాన్ని తీసి మళ్ళీ బావమరిది చేతిలోనే పెట్టాడు.

"వద్దు. నీ దగ్గరే ఉండనీ. కావాల్సొస్తే నేనే వచ్చి అడుగుతాను."

ఒస్మానీ ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూశాడు. "సరే. రా," అని చంకలో పెట్టుకుని బయల్దేరాడు.

అతను మలుపు తిరిగేదాకా ఎవేలియో గుమ్మంలో నిలబడ్డాడు. తర్వాత లోపలికొచ్చి, ఇప్పటికే శుభ్రంగా ఉన్న సాకెట్లను ఒక్కొక్కటీ మళ్ళీ తుడవసాగాడు.