టైలరమ్మ తమ్ముడి కొలతలు

సోమవారం పొద్దున్నే టైలరమ్మ తమ్ముణ్ణి కుట్టుమిషన్ మీద నిలబెట్టి టేపు పట్టింది. నెత్తి నుంచి మడమ దాకా నాలుగంగుళాలు. పోయినసారి ఆరున్నాడు. ఎవరిదో జాకెట్టులో మిగిలిన ముక్కతో కొత్త చొక్కా కుట్టి తొడిగింది. గుండీలకు చోటు లేక దారంతో ముడేసింది.

తాగుడు మానేస్తానని వాడు తనంతట తానే ఆసుపత్రికి వెళ్ళి మూడేళ్ళయింది. పడక ఖాళీ లేదు, వచ్చే నెల రమ్మన్నారు. ఇంటికొచ్చేసరికి ప్యాంటు పాదాల కింద జీరాడుతోంది. ఆ తర్వాత వాయిదా వేసినప్పుడల్లా అంతే, కాస్త తగ్గేవాడు. వీధిలో అలాంటివాళ్ళు ఇంకో ఇద్దరున్నారు గనక ఎవరూ నోరెళ్ళబెట్టలేదు. డాక్టరు చీటీలో బరువు పక్కన ఎత్తు కూడా రాసుకుని, "మళ్ళీ రండమ్మా" అనేవాడు. గొంతు మాత్రం తగ్గలేదు. ఒక్క చుక్క తెచ్చిపెట్టమని అలమరలోంచి వాడు అరిస్తే వీధి చివరికి వినపడేది. ఆమె ఏడుస్తూనే మిషన్ తొక్కేది.

ఆసుపత్రి పై అంతస్తులో ముప్పై కొత్త మంచాలున్నాయి. పరుపుల ప్లాస్టిక్ కవర్లు కూడా విప్పలేదు. డాక్టర్లకూ నర్సులకూ జీతాలు మంజూరు కాలేదని తలుపుకు తాళం వేశారు. ఆ తాళం తీయించాలని టైలరమ్మ ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించింది. ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులరిగాక, ప్రభుత్వ కమిటీ ముందు మూడు నిమిషాలు మాట్లాడనిచ్చారు. అదే ఈ రోజు.

తమ్ముణ్ణి మైకు పక్కన నిలబెట్టింది.

"వీడు నా తమ్ముడు సార్. ముప్పై నాలుగేళ్ళు. ఇంకో రెండు వాయిదాలు పడితే వీణ్ణి వెతుక్కోవాల్సిందే."

కమిటీ పెద్ద ముందుకు వంగి చూశాడు. "శుభ్రంగానే ఉన్నాడే! చొక్కా ఎవరు కుట్టారు?"

"నేనే సార్."

"చూశారా, ఇంట్లో చక్కగా చూసుకుంటున్నారు. పైగా ఈ సైజుకి ఒక్కో మంచం మీద పదిమంది పడతారు. ఉన్న పడకలే ఎక్కువ."

సభ్యులు తలలూపారు. టైలరమ్మ తనను తానే తిట్టుకుంది. ఫొటోకి ముస్తాబు చేసినట్టు చేసి తెచ్చింది, చిరుగుల్లో తీసుకురావాల్సింది.

టీ విరామంలో కమిటీ పెద్ద వరండాలో ఆమె దగ్గరికొచ్చాడు. అటూ ఇటూ చూసి కళ్ళజోడు పెట్టె తెరిచాడు. లోపల దూది మీద అగ్గిపుల్లంత కుర్రాడు వణుకుతూ పడుకుని ఉన్నాడు.

"మా అబ్బాయమ్మా. మాత్రలకు అలవాటుపడ్డాడు. నేను తిప్పని చోటు లేదు, అంతటా వాయిదాలే." గొంతు తగ్గించాడు. "ఈ కొలతకి చొక్కా కుడతావా?"

ఆమెకు ఒళ్ళు మండింది. అయినా చెయ్యి టేపు తీసింది.

"కుడతాను సార్. ఎన్ని కుట్టమంటారు? వాయిదా పడ్డప్పుడల్లా ఒకటి కావాలి."

అతను పెట్టె మూయబోయాడు.

"మూత పెట్టకండి," అంది టైలరమ్మ. "ఊపిరాడదు."

కమిటీ మళ్ళీ కూర్చున్నప్పుడు పెట్టె తెరిచే ఉంది, ఫైళ్ళ చాటున. "ఆ వార్డు తెరిపిద్దాం," అన్నాడు కమిటీ పెద్ద. సభ్యులు దానికీ తలలూపారు. గుమాస్తా రాసుకుని పైకి చదివాడు: "ముప్పై పడకలకు సిబ్బంది జీతాలు మంజూరు. వచ్చే ఏడాది నుంచి."

ఆ మాట పూర్తయ్యేసరికి మైకు పక్కన తమ్ముడి చొక్కా వదులైపోయింది. చొక్కా చేతుల్లోంచి వేళ్ళు కనపడటం లేదు. కమిటీ పెద్ద పెట్టెలోకి చూసి గబగబా దూది విప్పాడు, వేలికొసతో వెతికాడు. కొడుకు దొరికేసరికి అతని మొహంలో నెత్తురుచుక్క లేదు.

"కొట్టెయ్. రేపటి నుంచి అని రాయి."

"రేపటికి కుదరదు సార్, పద్ధతి ప్రకారం..."

"రేపటి నుంచి అని రాయమన్నానా!"

గుమాస్తా కొట్టేసి రాశాడు.

టైలరమ్మ తమ్ముణ్ణి అరచేతిలోకి తీసుకుని టేపు పట్టింది. రెండంగుళాలు కూడా లేడు. కాసేపాగి మళ్ళీ కొలిచింది.

"ఏమైందక్కా?"

"ఏం లేదురా. కదలకు."

మూడోసారి కొలిచినా అంతే ఉన్నాడు.