కోయని దుబ్బులు

అత్తగారూ కోడలూ ఇద్దరే ఉండే ఇల్లు అది. కోడలు ముందుగదిలో బట్టలు కుట్టేది. గేటు పక్కనుంచి అత్తగారి గది కిటికీ దాకా అలంకార గడ్డి వరసగా పెంచింది. నర్సరీ నుంచి పిలకలుగా తెచ్చినవి మనిషెత్తు దుబ్బులై, చివర్న తెల్లటి కుచ్చులు వేసేవి. మంచం దిగలేని అత్తగారికి ఆ కిటికీయే లోకం. “నా నెరిసిన నెత్తే నాకెదురుగా నిలబడ్డట్టుందే” అని నవ్వేది.

ఎండిన గడ్డిని చలికాలం చివర్లో, కొత్త పిలకలు రాకముందే, జానెడు మొదలు వదిలి కోసేయాలి. ఆకుల అంచులు చర్మాన్ని చీరేస్తాయి కాబట్టి కోడలు చేతులకు గుడ్డ చుట్టుకుని ఏటా ఆ పని చేసేది. ఆ ఏడు మాత్రం కుచ్చులు ఎన్నడూ లేనంత నిండుగా వచ్చాయి. దారినపోయేవాళ్ళు ఆగి ఫోటోలు తీసుకుంటున్నారు. ఇంకో వారం చూద్దాం, ఇంకో వారం చూద్దాం అనుకుంటూ ఆమె కొడవలి ముట్టలేదు. ఎండలు ముదిరాయి.

అప్పుడే గేటు మడతబందు విరిగింది. వెల్డింగ్ పనిచేసే తమ్ముడు మిషన్ తెచ్చుకుని వచ్చాడు.

“అక్కా, ఏంటీ ఎండుగడ్డి? రవ్వ పడితే గుప్పుమంటుంది. ముందు కోసెయ్.”

“కుచ్చులన్నీ పోతాయిరా. నీళ్ళు చల్లుతాలే.”

“పోనీ గేటు ఊడదీసి రోడ్డుమీద చేస్తా.”

“అంత బరువు ఎవరు మోస్తారు? కాస్తేగా, కానియ్.”

అక్క మాట కాదనడం వాడికి చిన్నప్పటినుంచీ రాదు. ఆమె బకెట్లతో నీళ్ళు కుమ్మరించి కుట్టుపనికి వెళ్ళిపోయింది. వాడు ముసుగు దించుకున్నాడు. ఆ నల్లటి అద్దంలోంచి వెల్డింగ్ వెలుగు తప్ప ఇంకేమీ కనపడదు. ఓ రవ్వ దుబ్బు నడుమ, నీళ్ళు చేరని చోట పడింది. గాలి తోడైంది. వాడు ముసుగెత్తేసరికి మంట కిటికీ తెరను అందుకుంది.

అక్క లేచి వచ్చేలోపే వాడు గదిలోకి దూరాడు. కాలుతున్న నైలాన్ తెర మంచం మీదికి జారుతుంటే చేత్తో లాగేశాడు. అది కరిగి కుడిచేతికి అంటుకుపోయింది. అలాగే ముసలావిడను భుజాన వేసుకుని బయటికొచ్చాడు.

ఆవిడ బతికింది కానీ దగ్గు పట్టుకుంది. వాడి వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఆపరేషన్ చేసినా మడతపడలేదు. వెల్డింగ్ షాపు మూసేశాడు.

“ముందే కోసుంటే ఎంత బాగుండేది” అని అక్క ఏడుస్తుంటే, చూడవచ్చిన పక్కింటావిడ “ఇప్పుడనుకుని ఏం లాభం? చేతులు కాలాక ఆకులు...” అంటూ తమ్ముడి కట్లు చూసి నాలుక కరుచుకుంది. వాడొక్కడే నవ్వాడు.

వానలు పడగానే మాడిన మొదళ్ళలోంచి పచ్చటి పిలకలు లేచాయి, మునుపటికంటే బలంగా. అక్క చూడలేకపోయింది. గడ్డపార తీసుకుని దుబ్బులన్నీ పెకలించింది.

“వద్దే అమ్మాయ్” అంది అత్తగారు లోపల్నుంచి. ఆమె వినలేదు.

మర్నాడు ముసలావిడ “మంచం గోడవైపు తిప్పు. ఇంక చూడ్డానికేముంది?” అంది.

ఆ సాయంత్రం తమ్ముడొచ్చాడు.

“గడ్డేం చేసిందక్కా?”

“దాన్ని చూస్తే నీ చెయ్యే గుర్తొస్తోందిరా.”

“పీకేస్తే నా చెయ్యి కనపడకుండా పోతుందా?”

వాడు అక్కమీద గొంతెత్తడం అదే మొదటిసారి. చెత్తకుప్పలోంచి వేరు వాడని పిలక ఒకటి ఏరాడు. ఎడమచేత్తో గుంట తీసి కిటికీ ముందు నాటాడు.

“నీళ్ళు పొయ్యి” అన్నాడు. పోసింది. తర్వాత ఇద్దరూ కలిసి మంచం మళ్ళీ కిటికీవైపు తిప్పారు.

పిలక బతికింది. అది కుచ్చు వేసేదాకా ముసలావిడ ఉండలేదు. దగ్గుతోనే పోయింది. తమ్ముడిప్పుడు ఓ గిడ్డంగి దగ్గర కాపలా కాస్తున్నాడు. సెలవునాడు వస్తాడు. అక్క వడ్డిస్తే ఎడమచేత్తో చెంచా పట్టుకుని తింటాడు.