పెళ్లికొడుకుల బిళ్ళలు

మొయినాబాద్‌లో మధ్యాహ్నం భోజనాల వేళ కన్యకకు ఫోన్ ఎత్తే తీరిక ఉండదు. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు ఒక్కసారిగా ఆమె నడిపే మెస్ మీద పడతారు. ఆ రోజు మాత్రం కాబోయే అల్లుడు అభిలాష్ పేరు కనిపించేసరికి గరిటె పక్కన పెట్టి ఫోన్ చెవికి ఆనించుకుంది.

పొద్దున ఆమె అతనికి ఒక ఫొటో పంపింది. వచ్చే వారం పెళ్లిలో షేర్వానీ మీద పెట్టుకోవాల్సిన బిళ్ళల ఫొటో అది. ఒక ఇత్తడి కడ్డీ, దానికి వరసగా ఐదు పతకాలు, ఒక్కోదానికి ఒక్కో రంగు పట్టీ. ఏ పతకమూ రూపాయి బిళ్ళంత ఉండదు.

కన్యక పుట్టినిల్లు చేవెళ్ల. ఆ ఇంటి పిల్లల పెళ్లిళ్లలో, ఆ పిల్లల పిల్లల పెళ్లిళ్లలో, పెళ్లికొడుకు ఆ బిళ్ళలు గుచ్చుకునే మండపంలోకి అడుగు పెట్టాలి. ఆమె తాత రాజేశం పెళ్లికి లష్కర్ నుంచి ఆల్బర్ట్ దొర అనే తెల్ల అధికారి వచ్చాడని, జేబులోంచి వాటిని తీసి తన చేత్తోనే పెళ్లికొడుక్కి గుచ్చాడని ఇంట్లో చెప్పుకుంటారు. సికింద్రాబాద్‌ను అప్పట్లో లష్కర్ అనేవారు. ఆ దొర ఏ పటాలంవాడో, ఏ యుద్ధంలో పోరాడాడో ఎవరూ అడిగి తెలుసుకోలేదు. రాజేశం తర్వాత ఆయన కొడుకు పెట్టుకున్నాడు. కన్యక పెళ్లిలో కాశీనాథ్ పెట్టుకున్నాడు.

షావుకారు ఇళ్లలో సైన్యానికి వెళ్లేవాళ్లు తక్కువ. అభిలాష్‌ది కొండకల్‌లో కిరాణా దుకాణం నడిపే ఇల్లు, అతను మాత్రం సైన్యంలో కెప్టెన్. కూతురు స్వప్నికకు ఆ సంబంధం కుదిరిన రోజు కన్యక చేవెళ్ల బజారంతా తిరిగి చెప్పింది, ఇన్నాళ్లకు మా బిళ్ళలకు తగిన ఛాతీ దొరికిందని.

"అత్తమ్మా, ఫొటో చూసిన," అన్నాడు అభిలాష్. "ఇవి మెస్ మెడల్స్. నేను పెట్టుకోలేను."

"ఆంటీ, పెరుగు!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. కన్యక ఇంకేమీ వినకుండా ఫోన్ పెట్టేసింది.

గల్లా దగ్గర కూర్చున్న కాశీనాథ్ ఆమె ముఖం చూశాడు. "ఏమన్నడు?"

"మెస్ మెడల్సంట. పెట్టుకోడంట."

"అంటే?"

"అంటే ఏంది, మెస్సోళ్ల బిళ్ళలు గిట్లనే ఉంటయని. కెప్టెన్ సాబ్ కద. మనం అన్నం అమ్ముకునేటోళ్లం."

అన్నం అమ్మే ఇంటి పిల్లను చేసుకుంటున్నందుకు అతని వాళ్లెవరైనా ఏమైనా అన్నారా అని ఆమె సాయంత్రం దాకా ఆలోచించింది. అన్నట్టు ఏ గుర్తూ దొరకలేదు. దొరకనందుకు కోపం ఇంకా పెరిగింది.

చేవెళ్లలో ఇత్తడి సామాన్ల దుకాణం నడిపే అక్క ప్రేమమ్మకు ఫోన్ చేస్తే ఆమె ఇంకో మెట్టు ఎక్కింది.

"ఛాతీ దొరికింది అంటివి. ఏమాయెనే గా ఛాతీ? మీ ఆయనకు ఏమున్నదని, ఆయన పెట్టుకోలేదా? బిళ్ళలు లేకుండ మండపంలకు వస్తే అది మన పెండ్లే కాదు. నేనైతే రాను."

స్వప్నిక గండిపేట దగ్గర ఒక కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఇంటికి రాగానే కన్యక ఆమెకు తేల్చి చెప్పింది. "పెట్టుకుంటనంటేనే పెండ్లి. లేకుంటే లేదు. చెప్పు మీ ఆయనకు."

"ఇంక ఆయన మా ఆయన కాలేదు మమ్మీ."

"ఎకసెక్కాలు వద్దు."

స్వప్నిక నవ్వలేదు. "నువ్వు సగం మాట విని ఫోన్ పెట్టేసినవంట. రేపు ఆయననే వస్తడు. పూర్తిగ విను. తర్వాత పెండ్లి వద్దంటే నేనే వద్దని చెప్త."

మరునాడు పిల్లల భోజనాలయ్యాక అభిలాష్ బైకు మీద వచ్చాడు. కన్యక పలకరించలేదు కానీ పళ్లెం పెట్టింది. అతను తిన్నాడు. చేయి కడుక్కుని వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. బిళ్ళలు ఆమె ముందే తెచ్చి అక్కడ పెట్టింది.

"అత్తమ్మా, మాకు మెస్ అంటే ఆఫీసర్లు కలిసి తినే జాగ. రాత్రి విందుకు వేరే బట్టలుంటయి, మెస్ డ్రెస్ అంటరు. దాని మీద పెద్ద మెడల్స్ పెట్టరు, అవే మెడల్స్ గిట్ల చిన్నగ చేయించి పెడ్తరు. గందుకే మెస్ మెడల్స్ అన్న. మీ మెస్‌ను ఒక్క మాట అనలే."

కాశీనాథ్ పగలబడి నవ్వాడు. "రాత్రంత నిద్ర పోనియ్యలేదయ్యా మీ అత్త!"

కన్యక నవ్వలేదు. "బాగనే ఉన్నది. మరి ఎందుకు పెట్టుకోవు?"

అభిలాష్ కడ్డీని తన వైపు తిప్పుకున్నాడు. అతనికి వీటిలో సగమే తెలుసు. మిగతా సగం పదవీ విరమణ చేసిన ఒక మేజర్‌కు ఫొటో పంపి తెలుసుకున్నాడు. మొదటి దాని మీద వేలు పెట్టాడు.

"ఇది మిలిటరీ క్రాస్. శత్రువు ముంగట ధైర్యం చూపినందుకు చిన్న ఆఫీసర్లకు ఇచ్చేది. ఈ చుక్క ఆకారపు దాని మీద పంతొమ్మిది వందల పద్నాలుగు అని ఉన్నది చూడున్రి. ఆ ఏడు ఫ్రాన్స్‌ల కొట్లాడినోళ్లకు. ఈ రెండు ఆ యుద్ధం అయిపోయినంక ఇచ్చినయి. ఇగ చివరిది..." ఫోన్‌తో ఫొటో తీసి, పెద్దది చేసి చూపించాడు. పతకం పైన ఉన్న సన్నటి లోహపు పట్టీ మీద అక్షరాలు కనిపించాయి. "వజీరిస్తాన్. సరిహద్దు కొండలు. అక్కడ ఇరవై ఒకటి నుంచి ఇరవై నాలుగు దాక నడిచిన లడాయి."

"మరి దొర పేరేది?"

"పెద్దవాటిల చానవాటి అంచు మీద పేరు చెక్కుతరు. అవి సర్కారు ఇచ్చేటివి. ఇవి ఆయన సొంత పైసలతోని చేయించుకున్నయి. వీటి మీద పేరుండది."

"అంటే ఎవలకన్న ఇచ్చేటందుకు ఆయనకు హక్కున్నది."

"ఉన్నది. ఇచ్చుడు తప్పు కాదు అత్తమ్మా. నేను పెట్టుకునుడు తప్పు. నేను ఫ్రాన్స్‌కు పోలే, వజీరిస్తాన్‌కు పోలే. పెండ్లికి మా యూనిట్‌వాళ్లు వస్తరు. నావి కానివి పెట్టుకొని వాళ్ల ముంగట నిలబడితే మళ్ల తల ఎత్తలేను."

కాశీనాథ్ చేయి తెలియకుండానే తన ఛాతీ మీదికి వెళ్లింది. మళ్లీ దించేసుకున్నాడు.

కన్యక చివరి పతకాన్ని చూస్తూ అడిగింది. "వజీరిస్తాన్ అయినంక?"

"లష్కర్‌కు వచ్చినట్టున్నడు. ఇక్కడ మెడల్ ఏం రాలే."

"అన్నేండ్లు ఉన్నడు, ఏం రాలేదా?"

"లడాయి లేనప్పుడు మెడల్ రాదు. పరేడు, ఆటలు, తిండి, గంతే."

"తిండి మా తాతనే పంపిండు," అంది కన్యక. "బియ్యం, నెయ్యి, బెల్లం బండ్ల మీద లష్కర్‌కు పోతుండెనంట. మెస్ కాంట్రాక్ట్ అని నానమ్మ..."

ఆమె ఆగిపోయింది. ఆ మాట నానమ్మ నోట వందసార్లు విన్నది. అయినా బయట బోర్డు రాయించిన రోజు, మెస్ అనే మాట హాస్టల్ పిల్లల దగ్గర నేర్చుకున్నాననే అనుకుంది. దొరకు పతకాలు లేని ఏళ్లలోనే అతను రాజేశం పంపిన బియ్యం తిన్నాడు. ఆ ఏళ్లకు గుర్తుగా ఇవ్వడానికి అతని దగ్గర పాతవే ఉన్నాయి.

కడ్డీని తన వైపు లాక్కుని అడిగింది. "వేరేవాళ్ల మెడల్స్ ఎక్కడ గూడ ఎవ్వరు పెట్టుకోరా?"

"ఆయన దేశంలనే పెట్టుకుంటరు. సచ్చిపోయిన పెద్దలవి, పిల్లలు పెట్టుకుంటరు. కాని ఛాతీకి కుడి దిక్కు. ఎడమ దిక్కు సంపాయించినోళ్లది."

"మనం ఆయనకు చుట్టాలం కాం."

"కాం," అన్నాడు అభిలాష్.

కన్యక బిళ్ళలను గుడ్డలో చుట్టింది. పెళ్లి ఆగుతుందో లేదో ఆమె చెప్పలేదు. అతను వెళ్లేటప్పుడు మాత్రం గుమ్మం దాకా వచ్చి, "కొండకల్ దాక ఎండల పోతవా? జర చల్లవడ్డంక పో," అంది.

పెళ్లి చేవెళ్ల ఫంక్షన్ హాల్లో జరిగింది. ఎదురుకోళ్లకు ఆడపెళ్లివారు షర్బత్ గ్లాసులతో గేటు దగ్గర నిలబడ్డారు. రానన్న ప్రేమమ్మ అందరికంటే ముందు వచ్చి నిలబడింది. ఆమె చూపు పెళ్లికొడుకు వచ్చే దారి మీదే ఉంది. అభిలాష్ కారు దిగాడు. షేర్వానీ మీద దండ తప్ప ఏమీ లేదు.

"చూసినవా, చెప్పలేదా నేను!" అంటూ ప్రేమమ్మ చెల్లెలి వైపు తిరిగింది. మాట అక్కడే ఆగింది.

కన్యక పట్టు జాకెట్ మీద, కుడి వైపు, ఐదు బిళ్ళలున్నాయి.

"ఇదేం యేషమే? నువ్వేమన్న పెండ్లికొడుకువా?"

"కాదు. దొరకు బువ్వ పెట్టినోళ్ల మనవరాలిని. అవి మండపంలకు పోవాలె కద. నేనే తీస్కపోత."

"గా దిక్కేంది మరి? మన నాయన ఎడమ దిక్కు పెట్టుకున్నడు, మీ ఆయన పెట్టుకున్నడు."

"తెల్వక పెట్టుకున్నరు అక్కా. ఎడమ దిక్కు కొట్లాడినోళ్లది."

అభిలాష్ వెంట వచ్చిన ఇద్దరు అధికారులు ఆ బిళ్ళలను చూశారు, తర్వాత అవి ఉన్న వైపు చూశారు. అభిలాష్ కన్యక చేతిలోని గ్లాసు అందుకుని షర్బత్ తాగాడు. స్వప్నిక తలుపు చాటు నుంచి చూస్తోంది. మేళం మొదలైంది. కన్యక ముందు నడిచింది, పెళ్లికొడుకు ఆమె వెనక నడిచాడు.

మండపం దగ్గర ప్రేమమ్మ చెల్లెలి పక్కకు జరిగింది. వచ్చే నెల ఆమె కూతురు ప్రవీణ పెళ్లి.

"మా ప్రవీణ పెండ్లికి గవి నాకు పంపు."

"అల్లునికా?"

"నాకే." ప్రేమమ్మ బిళ్ళలను కాసేపు చూసింది. "పిన్ను గట్టిగుంటదా? పట్టు చినుగుతదా?"

"చినుగుతది," అంది కన్యక. "లోపల గుడ్డ ముక్క పెట్టి గుచ్చుకో."