కొండ చాటు నీళ్లు

రేవులో నాచు పీకడం అక్క ఉద్యోగం. ఏ ఓడ అడుగున అంటుకుని ఏ దేశం నుంచి వచ్చిందో గానీ, ఆ నాచు పిలవని చుట్టంలా దిగి, ఇంట్లోవాళ్లనే బయటికి గెంటేసింది. అది కమ్ముకున్న చోట చేపలు గుడ్లు పెట్టవు. గోరంత ముక్క తెగి నీళ్లలో పడ్డా చాలు, ఇంకో పొద లేస్తుంది. అందుకే అక్క గాలి సిలిండర్ తగిలించుకుని దిగి, ఒక్కో మొక్కనూ వేళ్లతో సహా పెకలించి వల సంచిలో వేస్తుంది. తమ్ముడు పడవ మీద కూర్చుని సంచులు అందుకుంటాడు. పీకిన చోటే మళ్లీ మొలుస్తుంది.

"జీతమిచ్చి మరీ మనచేత నాచు పెంచిస్తున్నార్రా," అని విసుక్కునేది.

ఆమెను ఇంకా ఆ పనిలో నిలబెట్టింది కొండ చాటున ఉన్న చిన్న పాయ. చుట్టూ రాళ్లు కావడంతో పెద్ద పడవలు రాలేవు. ఆ ఒక్క చోటికే నాచు చేరలేదు. పని ముగిశాక రోజూ అక్కడికి వెళ్లి, కాసేపు నీళ్ల మీద తేలేది. చేపపిల్లలు కాళ్లను పొడుస్తుంటే ఒళ్లు నొప్పులు మరిచిపోయేది.

ఆ సాయంత్రం నీళ్లలో దిగగానే రాతి మీద ముదురు పచ్చ కుచ్చు కనబడింది.

"ఏ దరిద్రుడి పడవ వచ్చిందిరా ఇక్కడికి?" అని అరిచింది.

"మనం తప్ప ఎవరొస్తారే అక్కా?" అంటూ తమ్ముడు, రోజూలాగే, ఖాళీ సంచిని నీళ్లలో ముంచి జాడించాడు. రేవు నీళ్లు చమురు కంపు కొడతాయి, సంచులు ఇక్కడే కడగరా అని నేర్పింది ఆమే.

సంచి కన్నాల్లోంచి పచ్చటి పోగులు విడివడి, తీరిగ్గా రాళ్ల వైపు తేలిపోయాయి.

తమ్ముడు సంచిని చటుక్కున పైకి లాగాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ దొంగ తనకు తానే దొరికిపోయింది. అక్కకు ఏడవాలనిపించింది గానీ అందుకు కూడా ఓపిక లేదు. పడవెక్కి రేవు అధికారికి ఫోన్ చేసింది.

"సార్, కొండ చాటు పాయలో నాచు పడింది. వేరేవాళ్లను కొత్త సంచులతో పంపి పీకించండి. ఆ తర్వాత అటు ఎవర్నీ రానివ్వకండి."

"అటు వచ్చేది మీరిద్దరేగా అమ్మా!"

"అవును సార్. మా సంచుల్లోంచే పడింది. ముందు మమ్మల్నే ఆపండి."