పళ్ళు పడని మనిషి

"నువ్వెలాగూ తినవు కదా" అంటూ భర్త మంచం పక్క బల్ల మీదున్న పళ్ళ కప్పు అందుకున్నాడు.

ఆమెకు గర్భసంచి తీసేసి రెండు రోజులైంది. పక్కకి ఒత్తిగిలాలంటే కుట్లు లాగుతున్నాయి. ఆయన బొప్పాయి ముక్కలు ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటూ, ఆఫీసులో సెలవు దొరకడం ఎంత గగనమైందో చెప్తున్నాడు. మధ్యలో కూతురు ఫోన్ చేసింది.

"అమ్మా, మిక్సీ మూత ఎక్కడ పెట్టావు?"

చెప్పింది. "సరే, రెస్ట్ తీసుకో" అని పెట్టేసింది కూతురు. ఎలా ఉందో అడగలేదు. తొందరలో ఉందేమోలే అని తనకు తనే సర్దిచెప్పుకుంది.

ఆ కప్పు సంగతి ఆ వార్డులో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఇదే ఆసుపత్రి వంటగదిలో తొమ్మిదేళ్ళుగా రోగులకు పళ్ళు కోసేది ఆమే. కప్పుకు ఎనభై గ్రాములు. షుగరున్న వాళ్ళకు జామ, కిడ్నీ వాళ్ళకు అరటి తప్పించి ఆపిల్. ఒక్క ముక్క ఎక్కువైనా ఊరుకోదు, తక్కువైనా ఊరుకోదు. వంటగదిలో అందరూ 'తూకం అక్క' అంటారు. ఏ మంచానికి ఎంత పండో ఆమె చేతికి తెలుసు. ఆ చేయిగల మనిషికి ఎంత కావాలో ఎవరూ అడగలేదు, తనూ పట్టించుకోలేదు.

పెళ్ళైన కొత్తలో ఒక సాయంత్రం అత్తయ్య ఆపిల్ పళ్ళు కోసి మామయ్యకి, ఆయనకి, మరుదులిద్దరికీ పంచేసరికి పళ్ళెం ఖాళీ అయింది. "అయ్యో, నీకు మిగల్లేదే!" అంది. ఆవిడ మొహంలో ఇబ్బంది చూడలేక, "పర్లేదత్తయ్యా, నాకు పళ్ళు పడవు" అనేసింది. అంతే. ఆ మాట ఇరవై రెండేళ్ళు ఆ ఇంట్లో కాపురం చేసింది. అత్తయ్య అది చుట్టాలకు గొప్పగా చెప్పేది, పిల్లలు "అమ్మకి పడవు" అంటూనే పెరిగారు. కోసిపెట్టేది, గింజలు తీసేది, తొక్కలు పారేసేది మాత్రం ఆమే. పారేసేముందు సింకు వైపు తిరిగి, తొక్కకి అంటుకున్న కాస్త కండని పంటితో గీరి తిన్న రోజులున్నాయి. ఆ రుచి గొంతు దిగకముందే నోరు కడుక్కునేది.

ఆయన వెళ్ళాక డైటీషియన్ చార్టు పట్టుకుని వచ్చింది. వయసులో చిన్నది.

"అక్కా, మీకు రక్తం ఇంకా తక్కువగానే ఉంది. ఐరన్ మాత్ర ఒంటికి పట్టాలంటే పక్కన పండు కూడా ఉండాలని మీకు నేను చెప్పాలా? కప్పు మొత్తం తింటున్నారుగా?"

"మొత్తం మేడమ్."

డైటీషియన్ టిక్కు పెట్టి కదిలింది. ఇంకొకరు తిన్నదానికి తన పేరు పక్కన టిక్కు. ఆమెకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. ఆ కాగితం మీద కప్పంతా తిన్న ఆడమనిషి ఎవరో తనకు తెలియదనిపించింది, అంతే.

"మేడమ్," అని పిలిచింది. "అది కొట్టెయ్యండి. నేను తినలేదు."

"మరి ఎవరు తిన్నారు?"

"చూడ్డానికి వచ్చినవాళ్ళు. రేపట్నుంచి నా కప్పు విజిటర్స్ టైముకి గంట ముందే పంపిస్తారా?"

డైటీషియన్ ఆమెనే చూసింది. ఇంకేమీ అడక్కుండా ఆ టిక్కు మీద అడ్డంగా గీత గీసింది.

మర్నాడు కమలా తొనలు వచ్చాయి. కప్పు చేతిలోకి తీసుకోగానే ఎనభై లేదని తెలిసిపోయింది, తన బదులు కోస్తున్నవాళ్ళ చేయి ఇంకా కుదరలేదు. దొంగతనం చేస్తున్నట్టు తలుపు వైపు ఒకసారి చూసింది. ఒక తొన నోట్లో పెట్టుకుని, రసమంతా మింగాక కూడా చాలాసేపు నములుతూనే ఉంది. వార్డులో అందరూ పడుకుని ఉన్నారు. బాగుందా అని అడిగేవాళ్ళు లేరు. బాగుంది అని తనే అనుకుంది.

ఆయన వచ్చి అలవాటుగా బల్ల మీదికి చేయి చాపాడు. "ఈరోజు పళ్ళివ్వలేదా?"

"ఇచ్చారు. తినేశాను."

"అదేంటి, నీకు పడవుగా?"

"పడతాయి."

ఆయన నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగాడు. "మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?" గొంతులో నిష్ఠూరం. ఇప్పుడు కూడా తప్పు ఆమెదే అయింది.

"పడవని ఒక్కసారే అన్నానండీ," అంది ఆమె, ఖాళీ కప్పు బల్ల మీద పెడుతూ. "రెండోసారి ఎవరూ అడగలేదు."