గుడ్ల పెట్టెలో పన్నెండు రాకర్లు

నాకు కోపం ఎక్కువ, నోరు ఇంకా ఎక్కువ. మా దీవిలోని లంబాసా ఊళ్లో ఏ చెరకు లారీ డ్రైవరును అడిగినా జోఖన్ మెకానిక్ గురించి ఇదే చెబుతాడు. అలాంటివాణ్ణి మూడు వారాలు నోట్లో బెల్లం గడ్డ పెట్టుకున్నట్టు కూర్చున్నాను. ముబారక్ భాయ్ షెడ్డులో అందరూ నాకు ఒంట్లో బాగోలేదనుకున్నారు.

మిల్లుకు చెరకు తోలే రామ్‌ధనీ లారీ ఇంజను విప్పింది నేనే. ఆరు సిలిండర్ల పాత ఇంజను, పైన ఒక షాఫ్టు, దాని మీద పన్నెండు రాకర్లు. వాల్వుల్ని వంతులవారీగా తొక్కే చిన్న ఇనుప చేతులవి. ఏళ్ల తరబడి ఒకే వాల్వును తొక్కీ తొక్కీ ఒక్కో రాకరు మొహం తన వాల్వుకు తగ్గట్టుగా అరుగుతుంది. అందుకే ఇంజను కొత్తగా కట్టేటప్పుడు దేన్ని ఎక్కణ్నుంచి తీశామో అక్కడే పెట్టాలి. మా షెడ్డులో దానికో పద్ధతి ఉంది. డజను గుడ్లు పట్టే అట్టపెట్టెలో పన్నెండు గుంటల్లో పన్నెండు రాకర్లు వరసగా పెట్టి, రేడియేటరు వైపు గుంటకు ఎర్ర రంగు పూస్తాం.

ఆ పద్ధతి పెట్టినవాడు సెఫనాయా మామ. వాల్వులు నిటారుగా జారే గొట్టాలు, అదే గైడ్లు, మార్చాలన్నా, ఇంజను పైభాగం హెడ్డు చెక్కాలన్నా మా ఊళ్లో ఆయన చెయ్యే పడాలి. అరవై రెండేళ్లు. ఎడమ కంట్లో పొర మొదలైందని ఆయనే అందరికీ చెప్పుకుని నవ్వేవాడు. ఆయనకు కూతుళ్లు లేరు, అయినా నన్ను అల్లుడూ అనే పిలుస్తాడు.

ఒక శుక్రవారం నాలుగింటికి షెడ్డు వెనక యంగోనా కలిపారు, వేళ్లు దంచి నీళ్లలో పిసికి తాగే మత్తు పానీయం. నా వంతు కొబ్బరిచిప్ప ఎండిపోతోందని అక్కణ్నుంచి ఒకటే వేళాకోళం. పెట్టెను అలమారలో పెట్టి పోదామని ఎత్తాను. దాని అడుగు నూనెకు నానిపోయి ఉంది. చిరిగి, పన్నెండు రాకర్లూ సిమెంటు మీద ఖంగుమంటూ పడ్డాయి.

ఎడమకు వంగిన ఆరూ, కుడికి వంగిన ఆరూ చూడగానే తెలుస్తాయి. కానీ ఏ ఆరింటిలోనైనా ఏది ఎక్కడిదో తెలియాలంటే ఒక్కొక్కదాన్నీ వాల్వు మీద పెట్టి చూసుకోవాలి, సగం రోజు పని. లేదా మామను పిలిచి పడేశానని చెప్పాలి. నేను రెండూ చెయ్యలేదు. కంటికి తోచినట్టు కొత్త పెట్టెలో సర్దేసి, ఒక గుంటకు ఎర్ర రంగు పూసి, వెళ్లి తాగాను. ఎన్ని చిప్పలో లెక్కలేదు.

సోమవారం ఇంజను బిగించాను. బుధవారానికల్లా లారీ చక్కెర మిల్లు లైన్లోంచే తిరిగొచ్చింది. పైన టకటకమని ఒకటే చప్పుడు. రాకర్లకూ వాల్వులకూ మధ్య గ్యాపులు సరిచేసి పంపాను, మళ్లీ వచ్చింది. ఎందుకొస్తుందో నాకు తెలుసు. అరిగిన మొహంలో చిన్న పల్లం ఉంటుంది. వేరే రాకరు పల్లం ఈ వాల్వుకు కలవదు. గ్యాపు కొలిచే రేకు ఆ పల్లం మీద అడ్డంగా పడుకుని సరిగ్గానే ఉందని అబద్ధం చెబుతుంది. కింద మాత్రం బోలెడు సందు.

ముబారక్ భాయ్ బానెట్టు మీద చెవి పెట్టి విన్నాడు. గైడ్లు వంకరగా దిగి ఉంటాయనీ, మామకు కన్ను ఆనడం లేదనీ అని, ఏమంటావన్నట్టు నా వైపు చూశాడు.

"ఉండొచ్చు భాయ్" అన్నాను.

ఆ ఒక్క మాటే అన్నాను. దానితో నెలాఖరు నుంచి హెడ్లన్నీ ఓడలో రాజధాని సువాకు పంపాలనీ, మామ ఇక పనికి రానక్కర్లేదనీ తేలిపోయింది. అప్పటిదాకా కిరోసిను తొట్టి దగ్గర సామాను కడగమన్నారు. ముప్పై ఏళ్లు హెడ్లు చెక్కిన మనిషి వెళ్లి తొట్టి ముందు కూర్చున్నాడు. నేను అటు చూడకుండా ఉండటానికి రోజూ గోడ వైపు తిరిగి పని చేశాను. నా బతుకు చెడ.

మూడో వారం గురువారం, లారీ మళ్లీ మా ముంగిట్లోనే ఉంది. మధ్యాహ్నం మామ ఉతికిన చొక్కా వేసుకుని, పండగలకు కట్టే సులూ లుంగీ కట్టుకుని వచ్చాడు. చేతిలో యంగోనా వేళ్ల కట్ట. నా ముందూ భాయ్ ముందూ సిమెంటు మీద మఠం వేసుకుని కూర్చుని, కట్ట ముందు పెట్టి తల వంచాడు. మా దీవిలో తప్పు చేసినవాడే అలా కూర్చుంటాడు.

"భాయ్, జోఖన్, నా కన్ను నన్ను మోసం చేసింది" అన్నాడు. "గైడ్లు వంకరగా దించాను. రామ్‌ధనీ చెరకు సీజను పాడుచేశాను. జోఖన్ చేతిపనికి మచ్చ తెచ్చాను. పెద్దమనసు చేసుకుని ఇది అందుకోండయ్యా."

కట్ట మీద చెయ్యి వేస్తే క్షమించినట్టు. ఇంజను కట్టింది నువ్వు కాబట్టి నువ్వే అందుకోవాలని భాయ్ మోచేత్తో పొడిచాడు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, నా చెయ్యి సగం దాకా లేచింది కూడా.

"ముందు లే మామా. ఇంజను చూద్దాం రా" అన్నాను.

పై మూత విప్పాను. పన్నెండు వాల్వుల కొసల మీదా నీలం సిరా పూశాను. పానాతో ఇంజనును చేత్తో తిప్పి, రాకరు తొక్కిన చోట సిరా ఎక్కడ చెరిగిందో చూపించాను. నాలుగింటికి నడిమధ్యన చెరిగింది, మిగతావాటికి ఓ పక్క అంచున. చూశావా, గైడ్లు వంకరేగా అన్నాడు భాయ్. షాఫ్టు దించి, మూడో రాకరునూ ఏడోదాన్నీ ఒకదాని చోట ఒకటి పెట్టి, మళ్లీ బిగించి, మళ్లీ సిరా పూసి తిప్పాను. రెండు గుర్తులూ మధ్యకొచ్చాయి. గైడు వంకరైతే ఏ రాకరు మార్చినా గుర్తు పక్కనే ఉండాలి.

మామ మొహం దగ్గరగా పెట్టి చాలాసేపు చూశాడు.

"పెట్టె పడిందా?" అన్నాడు.

"పడింది మామా. ఆ శుక్రవారమే. చెప్పలేదు. మొన్న భాయ్ అడిగినప్పుడు కూడా చెప్పలేదు."

భాయ్ నా పుట్టుపూర్వోత్తరాలన్నీ ఎత్తడం మొదలుపెట్టాడు. మామ చెయ్యెత్తి ఆపాడు.

"మరి నా గైడ్లు?"

"గీత గీసినట్టున్నాయి మామా."

ఆయన లారీ మెట్టు మీద కూలబడ్డాడు.

"రోజూ పొద్దున్నే ఓ కన్ను మూసి చూస్తున్నా, తర్వాత రెండోది మూసి చూస్తున్నా" అన్నాడు. "ఏ కన్ను అబద్ధం చెబుతోందో తెలీలేదు అల్లుడూ. ఆదివారం చర్చిలో వాక్యం చదివేవాణ్ణి కదా, అదీ వద్దన్నా. కళ్లున్నవాణ్ణి చూసుకోమని పాస్టరుగారికి చెప్పేశా."

ఆయన తెచ్చిన కట్టతో నేను తప్పు ఒప్పుకోలేను. మార్కెట్టుకు పరుగెత్తి వేరే కట్ట తెచ్చాను. ఇందాక ఆయన కూర్చున్న సిమెంటు మీదే, కట్ట పెట్టి ఆయన ముందు కూర్చున్నాను. ఇంత నోరున్నవాణ్ణి, తప్పయిపోయింది మామా, అని మాత్రం అనగలిగాను. ఆయన కట్టను చూస్తూ ఉండిపోయాడు. తీసుకోడేమోననుకున్నాను. చివరికి చెయ్యి వేసి, ఆచారం ప్రకారం మూడుసార్లు చప్పట్లు కొట్టాడు.

తర్వాత కళ్లు మూసుకుని, బొటనవేలితో ఒక్కో రాకరు మొహం తడిమి, ఏది ఎక్కడిదో చెబుతూ పోయాడు. నేను పెట్టుకుంటూ పోయాను. సిరా వేసి చూస్తే పన్నెండూ మధ్యనే. మర్నాటి నుంచి హెడ్ల పని మళ్లీ ఆయనదే అయింది.

ఒకసారి కట్ట అందుకున్నాక ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తకూడదు. ఆయన ఎత్తడు. ఎప్పటిలాగే అల్లుడూ అంటాడు, ఎప్పటిలాగే ఎగతాళి చేస్తాడు.

మా ఇల్లు చర్చి పక్కనే. ఆదివారాలు కిటికీలోంచి అంతా కనబడుతుంది. వాక్యం ఇప్పుడు ఎవరో కుర్రవాడు చదువుతున్నాడు. మళ్లీ చదవమని పాస్టరుగారు మామను రెండుసార్లు అడిగారట. పిల్లాడికి అలవాటైంది, చదవనివ్వండి అన్నాడట మామ. రెండో వరసలో కూర్చుని, పుస్తకం తెరవకుండా ఒళ్లో పెట్టుకుని వింటాడు. మామా, నీ కళ్లు బాగానే ఉన్నాయి, లేచి చదువు అని కిటికీలోంచి అరవాలనిపిస్తుంది. ఆ మాట ఎత్తే హక్కు నాకు లేదు.